పెట్టె మీరే సర్దుకోండి

జూలై వచ్చిందంటే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టెల ఫోటోలు మొదలవుతాయి. ఆగస్టులో అమెరికా యూనివర్సిటీలు తెరుస్తారు, వీసా వచ్చిన పిల్లలంతా ఆ నాలుగైదు వారాల్లోనే శంషాబాద్ దారి పడతారు. హాల్లో నేలంతా జీన్సు ప్యాంట్లు, పొడుల డబ్బాలు, మధ్యలో వేలాడే కాటా. ఫోటో కింద ఒకటే ప్రశ్న, "అక్కా, ఇంకేమన్నా మర్చిపోయామా?" మర్చిపోయినవాటితో పెద్ద ఇబ్బంది లేదు, అక్కడ కొనుక్కోవచ్చు. అసలు తలనొప్పంతా మీకు తెలియకుండా పెట్టెలోకి వచ్చి కూర్చున్నదానితోనే.

నా సంగతే చెప్తాను. నేను వెళ్లిన రోజు అర్ధరాత్రి చెకిన్ కౌంటర్‌లో "ఈ బ్యాగులు మీరే సర్దుకున్నారా?" అని అడిగారు. అవునండి అనేశాను, అందరూ అలాగే అంటారు కదా. నిజానికి సర్దింది మా అమ్మ, పిన్ని, పక్కింటి ఆంటీ. పావుగంట తర్వాత పేరు పిలిచి పెట్టె తెరిపిస్తే బట్టల మధ్య నుంచి నాలుగు ఎండుకొబ్బరి చిప్పలు బయటికొచ్చాయి. అమ్మమ్మ పెట్టిందట, అక్కడ దొరకదేమోనని. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, తేలిగ్గా అంటుకుంటుంది, అందుకే చెకిన్ సామాన్లో కూడా ఒప్పుకోరు. చిప్పలు పోయినందుకు బాధ లేదు గానీ, నా పెట్టెలో ఏముందో నాకే తెలియదని పదిమందిలో తేలిపోయింది. అప్పటి నుంచి ఎవరడిగినా మొదట చెప్పేది ఇదే: పెద్దవాళ్లని పక్కన కూర్చుని అందించమనండి, లోపల పెట్టడం మాత్రం మీ చేతులతోనే జరగాలి.

బరువు గురించి అందరికీ తెలిసిందే, అయినా అందరూ తప్పేది అక్కడే. అమెరికా టికెట్లకి ఎక్కువగా 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తారు, కొన్ని టికెట్లకి ఒకటే ఉంటుంది, కాబట్టి సీనియర్ చెప్పిందాన్ని కాకుండా మీ టికెట్‌లో రాసిందాన్ని చదవండి. ఖాళీ పెట్టే నాలుగైదు కిలోలు తూగుతుంది, అది లెక్కలో పెట్టుకోండి. ఇంటి కాటాకీ అక్కడి కాటాకీ తేడా వస్తుంది, అందుకని 22 దగ్గర ఆపండి. రెండిట్లో కలిపి 46 ఉంటే చాలు అనుకుని ఒకదాంట్లో 26, ఇంకోదాంట్లో 20 పెడితే కుదరదు, దేని లెక్క దానిదే. కౌంటర్ ముందు నేల మీద పెట్టె తెరిచి, వెనక లైన్లో ఉన్నవాళ్లు చూస్తుండగా లోపలి బట్టలు ఒక్కొక్కటీ తీసి నాన్న చేతిలో పెట్టడం ఎందుకు చెప్పండి.

ఒక పెట్టె నిండా తిండి, ఇంకో పెట్టె నిండా బట్టలు అని మాత్రం విడగొట్టకండి. దారిలో ఒక పెట్టె తప్పిపోయి నాలుగు రోజులు ఆలస్యంగా రావడం కొత్తేమీ కాదు. రెండిట్లోనూ కొంచెం కొంచెం అన్నీ ఉండాలి. భార్యాభర్తలు వెళ్తుంటే ఆవిడ బట్టలు కొన్ని ఆయన పెట్టెలో, ఆయనవి కొన్ని ఆవిడ పెట్టెలో.

ఇప్పుడు చేతి బ్యాగు. పెట్టెల కోసం నెల రోజులు షాపింగ్ చేస్తారు, దీన్ని చివరి గంటలో సర్దుతారు. తిరగేసి చేయాల్సిన పని. పాస్‌పోర్ట్, సంతకం చేసిన ఐ-20 (విద్యార్థి వీసాకి యూనివర్సిటీ ఇచ్చే పత్రం), సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుంచే అమెరికా ప్రభుత్వ రికార్డు) ఫీజు రసీదు, అడ్మిషన్ లెటర్, డబ్బు చూపించిన కాగితాలు, టెన్త్ మెమో దగ్గర్నుంచి డిగ్రీ వరకు ఒరిజినల్స్, టీకాల రికార్డు (చాలా యూనివర్సిటీలు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాకి వేసే ఎం.ఎం.ఆర్ టీకా రెండు డోసులు అడుగుతాయి), ఇవన్నీ ఒకే ఫోల్డర్లో, ఆ ఫోల్డర్ మీ భుజానికే. దిగగానే ఇమిగ్రేషన్ అధికారి ఐ-20 అడుగుతాడు, అప్పటికి చెకిన్ పెట్టెలు మీ చేతికి వచ్చి ఉండవు. రోజూ వేసుకునే మందులు, అదనపు కళ్లజోడు, ఒక జత బట్టలు, స్వెటర్ కూడా ఇందులోనే. మందులు స్ట్రిప్పుల్లోంచి తీసి డబ్బాలో పోయకండి, డాక్టర్ చీటీతో పాటు స్ట్రిప్పులుగానే ఉంచి, 90 రోజులకు మించకుండా తీసుకెళ్లండి.

పవర్ బ్యాంక్ చెకిన్‌లో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే. 100 వాట్ అవర్ల లోపు ఉంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు, అంటే దాదాపు 27,000 ఎంఏహెచ్ దాకా. 20,000ది తీసుకుంటే ఏ గొడవా లేదు, కాకపోతే దాని మీద అచ్చు చెరిగిపోయి అంకె కనపడకపోతే అక్కడే తీసి పక్కన పెట్టేస్తారు.

పొడులు మాత్రం దీనికి సరిగ్గా వ్యతిరేకం. 350 మిల్లీలీటర్లు దాటిన ఏ పొడైనా సరే, అమెరికా వెళ్లే విమానంలో చేతి బ్యాగులో ఉంటే విడిగా తనిఖీ చేస్తారు, ఏమిటో తేలకపోతే వదిలేసి వెళ్లాల్సిందే. కందిపొడి, కారప్పొడి, నల్లకారం అన్నీ చెకిన్‌లోకి. పచ్చళ్లూ అంతే.

పచ్చడి ప్యాకింగ్ గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఆవకాయ నూనె పట్టిన తెల్లచొక్కా మళ్లీ తెల్లబడదు. గాజు సీసాలు వద్దు. పైన తేలే నూనె కొంత వంచేసి, అరకిలో చొప్పున వ్యాక్యూమ్ ప్యాకింగ్ చేయించండి, పచ్చళ్ల దుకాణాల్లో అడిగితే చేసిస్తారు. ఒక్కో ప్యాకెట్‌ని ఇంకో జిప్ కవర్లో వేసి, పాత టవల్లో చుట్టి, పెట్టె మధ్యలో, నాలుగు వైపులా జీన్సు ప్యాంట్లు వచ్చేట్టు పెట్టండి. డబ్బాల్లోనే పెట్టాలంటే అంచు దాకా నింపకండి, పైకెళ్లాక గాలి ఒత్తిడి తగ్గి మూత ఉబ్బుతుంది. జూలై వానల్లో పెట్టెలు బయట తడుస్తాయి కూడా, కాబట్టి బట్టల కింద ఒక పెద్ద పాలిథిన్ షీట్ పరవండి.

అమెరికాకి ఏవి తీసుకెళ్లకూడదో ఇప్పుడు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి వద్దు, ఇంట్లో చేసినా దుకాణంలో కొన్నా మాంసం మాంసమే. చికెన్ మసాలా ప్యాకెట్లో చికెన్ ఉండదు గానీ అట్ట మీద కోడి బొమ్మ చూసి అడగొచ్చు, సమాధానం సిద్ధంగా పెట్టుకోండి. పచ్చి కరివేపాకు, మామిడికాయలు, విత్తనాలు వద్దు. కరివేపాకుది నిమ్మజాతి, దాని మీద ఉండే పురుగు నిమ్మ, నారింజ తోటలకి తెగులు మోసుకొస్తుందని వాళ్ల భయం. బియ్యం కూడా కుదరదు: ఖప్రా అనే గింజల పురుగు ఉన్న దేశాల నుంచి ప్రయాణికులు బియ్యం తేకూడదు, ఆ జాబితాలో మనమూ ఉన్నాం. అక్కడి ఇండియన్ స్టోర్లలో సోనా మసూరి బస్తాలు దొరుకుతుంటే ఎవరు మోసుకెళ్తారు అనుకుంటారా, అర్చన చేయించి పసుపు, కుంకుమ పొట్లంతో పాటు పెట్టే అక్షింతలు బియ్యమే కదా! అక్షింతలు తల మీద వేయించుకుని ఇంట్లోనే వదిలేసి రండి.

దిగాక కస్టమ్స్ వాళ్లు తిండి ఏమన్నా ఉందా అని అడిగితే ఉందని చెప్పండి. పికిల్స్, స్పైసెస్, స్వీట్స్ అంటే వాళ్లకి అర్థమవుతుంది. ముందే చెప్తే, పనికిరానిది ఉన్నా చెత్తబుట్టలో వేసి పంపించేస్తారు. లేదని చెప్పాక దొరికితే జరిమానా 1,000 డాలర్ల దాకా ఉండొచ్చు. అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ అప్పగించాలి, ఇంకో విమానం పట్టుకోవాల్సినవాళ్లు దానికి కనీసం మూడు గంటలు పెట్టుకోండి. అబుదాబి మీదుగా వెళ్తే ఈ తనిఖీ అక్కడే అయిపోతుంది.

గల్ఫ్‌కి వెళ్లేవాళ్లకి సంగతి ఇంకా సీరియస్. జగిత్యాల, నిజామాబాద్, కడప వైపు నుంచి వెళ్లేవాళ్లు ఎంతమందో, ఇళ్లలో మసాలాకి గసగసాలు కట్టివ్వడం మామూలే. యూఏఈలో (దుబాయ్, అబుదాబి ఉన్న దేశం), సౌదీలో అవి మత్తుపదార్థాల కింద లెక్క, సింగపూర్‌లో కూడా నిషేధమే. గసగసాలు నూరి కలిపిన మసాలా పొడీ వద్దు. ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు, కొడీన్ ఉన్న దగ్గు మందు ముందుగా అనుమతి లేకుండా పట్టుకెళ్తే జైలు దాకా పోవచ్చు. ఇక "మా బావమరిదికి ఈ పొట్లం ఇచ్చెయ్యి తమ్ముడూ, ఎయిర్‌పోర్టుకే వచ్చి తీసుకుంటాడు" అనేవాళ్లు ఊరికొకరు ఉంటారు. మొహమాటం పడకండి. విప్పి చూసి, లోపలి డబ్బా మూత కూడా తీసి చూసి, నచ్చితేనే పెట్టుకోండి. విప్పితే ఏమనుకుంటారో అనిపించే మనిషి పొట్లమైతే అసలు ముట్టుకోకండి. దొరికాక అది ఎవరిదన్న ప్రశ్న రాదు, పెట్టె ఎవరిదన్నదే ప్రశ్న.

వంట సామాను: అమెరికా కరెంటు 120 వోల్టులు, మనది 230. ఇక్కడి మిక్సీ అక్కడ తిరగదు, 110 వోల్టుల మోడలే అడిగి కొనండి. కుక్కర్ బాగా పనికొస్తుంది, గ్యాస్కెట్లు రెండు ఎక్కువ పెట్టుకోండి, దాని లోపల ఖాళీగా వదలకుండా పొడుల ప్యాకెట్లు కూరండి. చలికోటు ఇక్కడ కొనడం నా దృష్టిలో దండగ, రెండు కిలోలు తింటుంది, అక్కడి చలికి ఆగదు.

డాలర్లు నోట్లుగా 3,000 వరకే, మిగతాది ఫారెక్స్ కార్డులో. 10,000 డాలర్లు దాటితే అక్కడ డిక్లేర్ చేయాలి, కుటుంబంగా వెళ్తే అందరిదీ కలిపి లెక్క. బంగారం ఎక్కువ తీసుకెళ్లి మళ్లీ తెచ్చుకునేవాళ్లు బయల్దేరేటప్పుడే కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి, లేకపోతే తిరిగొచ్చినప్పుడు మీ నగ మీదేనని చెప్పుకోవడం కష్టం. ఇక్కడి ఫోన్ నంబర్ ఆగిపోకుండా రీచార్జ్ చేయిస్తుండండి, బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి.

ముందు రోజు రాత్రి రెండు పెట్టెలూ తెరిచి పై నుంచి ఫోటోలు తీసి పెట్టుకోండి, పోతే చెప్పుకోవడానికి పనికొస్తాయి. తర్వాత తాళం వేసి చెవి జేబులో వేసుకోండి. టీఎస్ఏ తాళం (అమెరికా ఎయిర్‌పోర్టు తనిఖీవాళ్లు తమ తాళంచెవితో తీయగలిగేది) అయితే మంచిది, మామూలుదైతే అక్కడ తనిఖీకి కోసేస్తారు. పొద్దున్న అమ్మ ఇంకో పొట్లం పట్టుకుని వస్తుంది, ఎలాగూ వస్తుంది, అందుకే చెప్పాను 22 దగ్గర ఆపమని. ఏముందో విప్పి చూసి, మీరే తాళం తీసి పెట్టుకోండి.