చిట్టెం గుట్టలు మ్యాప్‌లో దొరకనప్పుడు నేను చేసింది

నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకప్పుడు మూసల్లో ఉక్కు కాచిన ఊరు. మట్టిలో కలిసిపోయిన కొలిమి జాగాల కోసం, అక్కడి చిట్టెం (లోహం కాచాక మిగిలే మడ్డి) గుట్టల కోసం, సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల్లో ఎరుపు కాంతి బ్యాండును నీలం కాంతి బ్యాండుతో భాగించి చూశాను. ఇనుమున్న నేల అలా బయటపడుతుంది. తీరా మ్యాప్ అంతా ఎర్రగా వచ్చింది! మన ఎర్ర చెలకల్లోనూ ఐరన్ ఆక్సైడే కదా. రెండు వారాలు ఒకటే టెన్షన్.

చివరికి నేలను వదిలేసి పైరును చూశాను. కింద చిట్టెం ఉంటే వేర్లు దిగవు, మొక్క గిడసబారుతుంది. అందుకే ఫిబ్రవరి చిత్రాల్లో ఎన్‌డీవీఐ (పైరు పచ్చదనాన్ని చెప్పే కొలత) లెక్కగట్టి, మూడేళ్లు వరసగా పచ్చదనం తగ్గిన మచ్చలనే ఉంచాను. ఒక్కో పిక్సెల్ 10 మీటర్లు, కాబట్టి చిన్న కుప్పలు దొరకవు. మిగిలిన చోట్లకు నడిచి వెళ్లాను. ఒక గట్టు పక్కన నల్లగా, గాజులా మెరిసే పెళ్ల చేతికి తగిలింది, బరువుగా.