పాత కారుకి లోయర్ ఆర్మ్ కొనేటప్పుడు రంగు కాదు, బాల్ జాయింటూ బుష్షూ చూడండి

స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా ముందు నుంచి దబ్ దబ్ మని చప్పుడొస్తోందని షెడ్డుకి వెళ్తే మొదట వినపడే మాట "లోయర్ ఆర్ములు పోయాయండి, జత మార్చేద్దాం" అని. లోయర్ ఆర్మంటే ముందు చక్రాన్ని కింద నుంచి బండి ఫ్రేముకి కలిపే చెయ్యి లాంటి భాగం. చక్రం వైపు చివర బాల్ జాయింట్ అనే గుండ్రటి కీలు, ఫ్రేము వైపు బుష్ అనే రబ్బరు దిమ్మ ఉంటాయి. పోయి ఉండొచ్చు, కాదనను. కానీ లింక్ రాడ్డు (సస్పెన్షన్‌లో ఉండే చిన్న కడ్డీ) లూజైనా అదే చప్పుడు, స్ట్రట్ (చక్రం మీద నిలువుగా ఉండే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ) పైన మౌంటింగ్ పోయినా ఇంచుమించు అదే చప్పుడు, పైగా లింక్ రాడ్డు ఆర్ము కంటే చాలా చవక. అందుకని డబ్బు తీసేముందు ఓ అరగంట పెట్టి అసలు పోయిందేంటో తేల్చుకోండి.

కారు ముందు భాగం జాకీతో లేపి, స్టాండు వేసి (జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరొద్దు, ఇటుకల మీద అసలే వద్దు) చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఇంకొకరు లోపలి నుంచి బాల్ జాయింట్ దగ్గర టార్చి వేసి చూడాలి. ఆడుతోందా, అయితే బ్రేకు తొక్కించి మళ్ళీ ఊపండి. బ్రేకు తొక్కగానే ఆట ఆగిపోతే తప్పు వీల్ బేరింగుది, అప్పటికీ ఆడుతుంటే బాల్ జాయింటుది. పక్కలకి పట్టుకుని ఊపినప్పుడు ఆడితే టై రాడ్ ఎండ్ (స్టీరింగుని చక్రానికి కలిపే కీలు) వైపు చూడండి. బుష్‌లకైతే ఆర్ముకీ ఫ్రేముకీ మధ్య ఓ రాడ్డు పెట్టి మెల్లగా ఎత్తండి. రబ్బరు చిట్లి ఉంటే నోరు తెరుచుకున్నట్టు కనపడుతుంది. బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకి లాగుతున్నా, టైరు లోపలి అంచు ఒక్కటే అరిగిపోతున్నా ఈ బుష్‌లని అనుమానించాల్సిందే.

మన డెల్టాలో వీటికి ఆయుష్షు తక్కువ. నల్లరేగడి నేల ఎండకి బీటలిచ్చి వానకి ఉబ్బుతుంది కాబట్టి కాలవ గట్టు రోడ్డు ఎంత కొత్తగా వేసినా కొన్నాళ్ళకి అలలు తేలిపోతుంది. దానికి తోడు భీమవరం, ఆకివీడు వైపు చేపల బళ్ళ నుంచి కారే నీళ్ళు, అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి. చాలా పాత కార్లలో ఆర్ము రేకుని మడిచి వెల్డింగ్ చేసింది, లోపల బోలు. ఆ బోలులో బురద చేరి ఎండక అలాగే ఉండిపోతే తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది. చిన్న సుత్తితో కొట్టి చూడండి, గట్టి రేకయితే ఖంగుమంటుంది, తుప్పు తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది. అలా పలికితే బుష్‌లు మార్చి సరిపెట్టొద్దు, ఆర్మే మార్చండి. రేకు గట్టిగా ఉండి, బాల్ జాయింట్ బిగువుగా ఉండి, బుష్ ఒక్కటే పోతే మాత్రం ప్రెస్ ఉన్న చోట కొత్త బుష్ ఎక్కించుకోవడం తప్పేం కాదు. సుత్తితో కొట్టి ఎక్కిస్తామంటే ఇవ్వకండి.

ఇక కొనడం. షాపులో "పాత స్విఫ్టుది ఇవ్వండి" అని అడగొద్దు, ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు చెప్పి పార్ట్ నంబరు తీయించండి. ఒకే పేరుతో వచ్చిన బండిలోనే ఏడాదిని బట్టి ఆర్ము మారుతుంది, పైగా కుడి ఎడమ వేరు. మారుతి 800 సంగతి వేరే: దాని ఆర్ము సన్నగా ఉంటుంది, లోపలి చివర ఒకటే బుష్, ముందుకీ వెనక్కీ కదలకుండా దాన్ని పట్టుకునేది స్టెబిలైజర్ బార్, అంటే మలుపుల్లో బండి ఒరగకుండా రెండు పక్కలనీ కలిపే అడ్డకడ్డీ. కాబట్టి 800కి ఆర్ము మార్చి బార్ బుష్‌లు పాతవే ఉంచితే సగం పనే అయినట్టు.

నా బండి 2009 స్విఫ్ట్. మొదటిసారి చవగ్గా వచ్చిందని పేరు తెలియని జత వేయించాను. ఒక్క వానాకాలం గడిచేసరికి బాల్ జాయింట్ బూటు (గ్రీజుని కాపాడే రబ్బరు తొడుగు) చిరిగి, గ్రీజు స్థానంలో ఎర్ర బురద. రెండోసారి పాత ఆర్ము సంచిలో పెట్టుకుని వెళ్ళి, కౌంటర్ మీద రెండు రకాలు పక్కపక్కన పెట్టించాను. చవకదాని మీద నల్లరంగు నిగనిగలాడుతోంది, గోటితో గీకితే పొరలా లేచింది. బాల్ జాయింట్ పిన్ను పట్టుకుంటే చేతిలో వడిలిన కాడలా వాలిపోయింది. రెండోదాని పిన్ను తిప్పడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చింది, కానీ ఎక్కడా పట్టు తప్పకుండా ఒకే బిగువుతో తిరిగింది. కొత్త బాల్ జాయింట్ ఉండాల్సింది అలాగే. బూటు రబ్బరు మెత్తగా ఉండాలి, పైనా కిందా రింగు క్లిప్పులు కూర్చుని ఉండాలి. బుష్ కూర్చునే గొట్టం చుట్టూ వెల్డింగ్ తెగకుండా పూర్తిగా ఉందో లేదో వేలు పెట్టి తడిమి చూడండి. తర్వాత టేపు తీసి బుష్ కన్నం మధ్య నుంచి పిన్ను మధ్య వరకూ పాతదాన్నీ కొత్తదాన్నీ కొలవండి, పిన్ను లావు, దాని మీద బోల్టు పట్టే గాడి ఎంత ఎత్తులో ఉందో కూడా చూడండి. షాపాయన విసుక్కుంటే విసుక్కోనీయండి, చక్రాన్ని పట్టి ఉంచేది ఆ పిన్నే.

కంపెనీ డబ్బాలోది దొరికితే అది, లేదంటే రానే లాంటి పేరున్న తయారీదారుది, బిల్లుతో. స్క్రాపులో తీసిన ఆర్ము వద్దు, అది ఎక్కడ గుద్దుకుని వంగిందో కంటికి ఆనదు. పాలీయురేథేన్ బుష్‌లు ఎక్కువ మన్నుతాయని చెప్తారు, మన్నొచ్చు, కానీ మన గతుకులన్నీ స్టీరింగులోకి వచ్చేస్తాయి. ఇంటి బండికి నేను రబ్బరే వేస్తాను.

బిగించేటప్పుడు దగ్గరుండండి. ఇది మాత్రం బతిమాలి చెప్తున్నాను. బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది, అది తిరగదు, మెలి పడుతుంది. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బుష్ బోల్టులు పూర్తిగా బిగించేస్తే, బండి కిందకి దించగానే రబ్బరు మెలి తిరిగిపోయి రోజంతా అలాగే ఉంటుంది, కొన్ని నెలలకే చిరిగిపోతుంది. "ఒరిజినల్ వేసినా ఆగలేదండి" అన్నవాళ్ళలో కొందరి కథ ఇదే. మేస్త్రిగారిని ముందే అడగండి: బోల్టులు చేత్తో పట్టించి, చక్రాలేసి, బండి నేల మీదకి దించి, బరువు పడ్డాక షెడ్డులో బండి కింద ఉండే గొయ్యిలోంచి టార్క్ రెంచితో (బిగువు కొలిచి బిగించే పానాతో) బిగించమని. గొయ్యి లేకపోతే చక్రాల కింద గట్టి చెక్క దిమ్మలు పెట్టి దించినా చాలు. పాత నట్లు మళ్ళీ వాడనివ్వకండి.

ఆ రోజే వీల్ అలైన్‌మెంట్ చేయించండి, వారం తిరిగాక ఓసారి బోల్టులు చూపించండి. ఇక వాటర్ సర్వీసింగుకి ఇచ్చినప్పుడు, కడగడం అయ్యాక అడుగున డీజిలో పాత ఇంజినాయిలో కొడతారే, అది వద్దని ముందే చెప్పండి. అది తగిలితే బుష్ రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. దానికి బదులు మామూలు నీళ్ళ పైపు ఆర్ము బోలులోకి పెట్టి, లోపలి బురదంతా కారిపోయేదాకా కడిగించండి.