పటాలతో భూమిని చదువుదాం – 3వ పాఠం: భూకంపం ఎంత లోతున వచ్చింది?

పోయిన పాఠంలో అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌జీఎస్ నడిపే భూకంపాల పటం తెరిచాం. చుక్క సైజును బట్టి తీవ్రత, రంగును బట్టి అది ఎంతసేపటి కిందటిదో తెలుస్తుందని చూశాం. 2024 డిసెంబర్ 4న ములుగు ప్రాంతంలో వచ్చిన భూకంపాన్ని వెతకమని హోంవర్క్ ఇచ్చాను. పేపర్లన్నీ ఉదయం 7:27 అని రాశాయి, సైటులో మాత్రం 01:57 అని కనిపిస్తుంది. కంగారు పడక్కర్లేదు, అది యూటీసీ టైమ్, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం. దానికి ఐదున్నర గంటలు కలిపితే మన టైమ్ వస్తుంది. మనకు తెల్లవారుజామున మూడింటికి వచ్చిన భూకంపమైతే అక్కడ ముందు రోజు తేదీ కింద ఉంటుంది. తేదీ పెట్టి వెతికినా దొరకడం లేదంటే చాలాసార్లు కారణం ఇదే.

ఇక ఈసారి లోతు సంగతి. టీవీ స్క్రోలింగుల్లో తీవ్రత ఒక్కటే తిరుగుతుంది. నన్నడిగితే, భూమి లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలంటే అంతకంటే లోతే ముఖ్యం.

2015లో వచ్చిన రెండు భూకంపాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఏప్రిల్ 25న నేపాల్‌లో 7.8 తీవ్రతతో వచ్చింది. లోతు 8 కిలోమీటర్లు. చనిపోయినవాళ్లు సుమారు 9,000 మంది. అక్టోబర్ 26న అఫ్గానిస్తాన్‌లోని హిందూకుష్ కొండల్లో 7.5 తీవ్రతతో ఇంకొకటి వచ్చింది. దాని లోతు 231 కిలోమీటర్లు. ఢిల్లీలో కూడా జనం బయటికి పరుగులు తీశారు, అయినా మృతులు దాదాపు 400 మంది. తీవ్రత తేడా, జనాభా తేడా కూడా లెక్కలోకి వస్తాయి, కాదనను. కానీ అంత లోతు నుంచి పైకి వచ్చేలోపు కుదుపు బలం తగ్గుతుంది, చాలా దూరం వరకు పాకుతుంది. అందుకే లోతైన భూకంపం ఎక్కువ మందికి తెలుస్తుంది, తక్కువ ఇళ్లు కూలుస్తుంది.

పటంలో ఏ చుక్కను నొక్కినా తీవ్రత, టైమ్‌తో పాటు లోతు కూడా కనిపిస్తుంది. 70 కిలోమీటర్ల లోపు ఉంటే పై పొరది, 70 నుంచి 300 దాకా మధ్యస్థం, ఆపైన లోతైనది. 700 దాటి దాదాపుగా ఉండవు.

ఒక్క జాగ్రత్త. కొన్ని చుక్కలు నొక్కి చూస్తే "10.0" అనే అంకె పదే పదే ఎదురవుతుంది. అన్నీ సరిగ్గా పది కిలోమీటర్ల లోతునే పుట్టాయనుకోకండి. దగ్గర్లో భూకంపాలను నమోదు చేసే స్టేషన్లు లేనప్పుడు, భూకంప తరంగాలు చేరిన టైమును బట్టి లోతు తేల్చడం కష్టం. అప్పుడు లెక్క ముందుకు సాగడానికి లోతును 10 దగ్గర బిగించేస్తారు. నడి సముద్రంలోని వాటికి ఇది మరీ ఎక్కువ. 35 కూడా అలాంటిదే, పాత రికార్డుల్లో అయితే 33. ఈ మూడు అంకెలు కనిపిస్తే "సుమారుగా పైపొర" అని మాత్రమే చదువుకోండి.

ఇప్పుడు అసలు పని. ఫోన్లో కుదరదు, కంప్యూటర్ ముందు కూర్చోండి. అదే సైటులో "సెర్చ్ ఎర్త్‌క్వేక్ కేటలాగ్" పేజీకి వెళ్లండి. తీవ్రత 4.5, ఆపైన అని పెట్టండి. తేదీలు 2015 జనవరి నుంచి 2024 డిసెంబర్ దాకా. 2011 మార్చి 11న జపాన్‌లో వచ్చిన 9.1 భూకంపం తర్వాతి ప్రకంపనలు పటాన్ని నింపేస్తాయి, అందుకే కొన్నేళ్లు వదిలేసి మొదలుపెడుతున్నాం. ప్రాంతానికి కస్టమ్ ఎంచుకుని అక్షాంశం 38 నుంచి 42, రేఖాంశం 130 నుంచి 146 ఇవ్వండి. ఇది ఉత్తర జపాన్‌ను తూర్పు పడమరలుగా కోసిన పట్టీ. ఫలితాన్ని సీఎస్‌వీ ఫైలుగా దింపుకుని గూగుల్ షీట్స్‌లోనో ఎక్సెల్‌లోనో తెరవండి.

సి కాలమ్‌లో రేఖాంశం, డి కాలమ్‌లో లోతు ఉంటాయి. ఖాళీ కాలమ్ ఒకటి తీసుకుని లోతు ముందు మైనస్ పెట్టండి (=-D2 అని రాసి కిందికి లాగితే చాలు). రేఖాంశం అడ్డంగా, ఈ కొత్త కాలమ్ నిలువుగా ఉండేలా స్కాటర్ చార్ట్ గీయండి.

కుడివైపు, అంటే పసిఫిక్ వైపు, చుక్కలు పైన గుంపుగా ఉంటాయి. ఎడమకు వెళ్తున్న కొద్దీ పలచబడుతూ కిందికి దిగుతాయి. జపాన్ భూభాగం కింద వంద కిలోమీటర్ల చుట్టుపక్కలకు, జపాన్ సముద్రం కింద 300 దాటి వెళ్తాయి. అలా ఏటవాలుగా దిగేది పసిఫిక్ పలక, అంటే పసిఫిక్ సముద్రం అడుగున కదిలే భూమి పైభాగపు పెద్ద ముక్క. జపాన్ కిందికి ఏడాదికి ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్ల చొప్పున దూరుతోంది. అంత లోతున మామూలు రాయి వేడికి మెత్తబడి సాగుతుంది గానీ పగలదు. పైనుంచి దిగిన పలక ఇంకా చల్లగా ఉండబట్టే అక్కడ భూకంపాలు పుడుతున్నాయి. పైన 10 దగ్గర, 35 దగ్గర అడ్డగీతల్లా చుక్కలు వరుసకడితే, అవి ఇందాక చెప్పుకున్న బిగించిన అంకెలే.

ఇంత లోతున భూకంపాలు వస్తాయని జపాన్ శాస్త్రవేత్త కియో వదాతి 1928లో చూపించారు. ఆయన దగ్గర ఉన్నవి ఆ దేశపు స్టేషన్ల రికార్డులు, చేతి లెక్కలు.

చార్ట్‌లో వాలు నిటారుగా కనిపిస్తే నమ్మకండి, రెండు వైపులా కొలత ఒకటి కాదు. ఈ అక్షాంశాల దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం అంటే సుమారు 85 కిలోమీటర్లు. దాన్ని బట్టి పలక ఎంత కోణంలో దిగుతోందో మీరే కట్టి చూడండి. 30 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా రావాలి. 60 వస్తే డిగ్రీలను కిలోమీటర్లుగా మార్చడంలో ఏదో తేడా కొట్టింది.

వచ్చే పాఠంలోపు ఇంకొక్క పని. మీ చార్ట్‌లో లోతు వంద కిలోమీటర్లకు చేరేది ఏ రేఖాంశం దగ్గరో రాసుకోండి. తర్వాత గూగుల్ ఎర్త్‌లో అదే రేఖాంశం వెంట, 38 నుంచి 42 అక్షాంశాల మధ్య, నేల మీద ఏ ఆకారపు కొండలున్నాయో చూసి పేర్లు నోట్ చేసుకోండి.