పింఛను మహజరు రాసే ముందు డిపోలో కట్టవలసిన లెక్క

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల బస్సు డిపోల నుంచి పింఛను విషయమై వెళ్లే వినతిపత్రాల్లో ‘ఇంత పెంచాలి’ అన్న మాట ఉంటుంది గానీ, పెరిగిన మొత్తం ఎవరి వాటా నుంచి రావాలన్నది చాలావాటిలో కనిపించదు. నేను చేయి కలిపిన మొదటి మహజరుదీ ఇదే లోపం. అందుకే ఈ పద్ధతి డబ్బు లెక్కతో మొదలవుతుంది.

ముందుగా ఎవరిని ఏది అడగాలో విడదీయాలి. ఆర్టీసీ సిబ్బంది 2020 జనవరి 1న ప్రజా రవాణా శాఖ ఉద్యోగులుగా ప్రభుత్వంలో విలీనమైనా, వారి పింఛను 1995 నవంబరు 16న మొదలైన ఈపీఎస్-95 (ఉద్యోగుల పింఛను పథకం) కిందే సాగుతోంది. ఆ పథకంలో వేతన పరిమితిని (పింఛను లెక్కకు తీసుకునే గరిష్ఠ నెల జీతాన్ని) గానీ, సూత్రాన్ని గానీ, 2014 నుంచి రూ.1,000 దగ్గరే ఉన్న కనీస పింఛనును గానీ మార్చే అధికారం కేంద్రానిది. పాత పింఛను విధానం, లేదా సొంత బడ్జెట్ నుంచి అదనపు మొత్తం కోరదలచుకుంటే రాష్ట్రాన్ని అడగాలి. రెండింటినీ ఒకే కాగితంలో కలిపితే ఏ కార్యాలయమైనా ‘ఇది మా పరిధి కాదు’ అని పక్కన పెట్టగలదు కనుక, రెండు మహజర్లు రాయడం మేలు.

తర్వాత ఒక ఉద్యోగి లెక్కను పూర్తిగా కట్టి జతపరచాలి. 1999 సెప్టెంబరు 1న చేరి, 2024 ఆగస్టు చివర 58 ఏళ్లు నిండిన ఎస్.కోట డిపో కండక్టరు ఒకరున్నారనుకుందాం. డిపో రెస్ట్ రూములో ఎవరిని అడిగినా ఇప్పటి పరిమితి 15,000ను 25 ఏళ్లతో హెచ్చవేసి, 70తో భాగించి, రూ.5,357 వస్తుందంటారు. అది పొరపాటు. 2014 సెప్టెంబరు 1కి ముందున్న 15 ఏళ్లకు పరిమితి రూ.6,500 మాత్రమే కనుక ఆ భాగానికి రూ.1,393, తర్వాతి పదేళ్లకు రూ.2,143, మొత్తం రూ.3,536 వస్తుంది. ఇరవై ఏళ్ల సర్వీసు దాటినవారికి ఇచ్చే రెండేళ్ల బోనస్ దీనికి అదనం. జీతం లేని సెలవులు, సస్పెన్షన్ రోజులు చందా జమ కాని రోజులుగా, అంటే ఎన్‌సీపీ డేస్‌గా సర్వీసులోంచి తగ్గుతాయి. కాబట్టి సర్వీసు రిజిస్టరును పీఎఫ్ ఖాతాతో పోల్చి చూశాకే అంకె వేయాలి.

అసలు కష్టం నిధి దగ్గర ఉంది. ఇప్పుడు ఉద్యోగి పీఎఫ్ కోసం యజమాని జీతం మీద కట్టే 12 శాతంలోంచి రూ.15,000 మీద 8.33 శాతం, అంటే దాదాపు రూ.1,250 పింఛను నిధికి వెళుతుంది. కేంద్రం 1.16 శాతం, అంటే రూ.174 కలుపుతుంది. ఏడాదికి రూ.17,088 జమైతే, ఆ ఏడాది సర్వీసుకు నెలకు రూ.214 చొప్పున జీవితాంతం పింఛను రావాలి. వడ్డీని పక్కన పెడితే ఆ జమ ఆరున్నరేళ్లకే చెల్లిపోతుంది.

పరిమితిని రూ.25,000 చేయమని కోరితే పింఛను వాటా దాదాపు రూ.2,083 అవుతుంది. పూర్తి జీతం మీద 12 శాతం కట్టే చోట యజమానికి కొత్త ఖర్చేమీ ఉండదు. పెరిగిన రూ.833 ఉద్యోగి పీఎఫ్‌లో పడవలసిన సొమ్ములోంచే మళ్లుతుంది. గ్యారేజీలో శ్రామిక్‌లకు, రిటైర్మెంటుకు దగ్గరపడిన డ్రైవర్లకు ఈ సంగతి ముందే చెప్పి సంతకాలు తీసుకోవాలి, లేకపోతే తర్వాత మాట పడవలసి వస్తుంది. పరిమితితో పాటు కేంద్రం వాటా కొంత పెరిగినా, కొత్త డబ్బు గట్టిగా రావాలంటే 1.16 శాతాన్నే పెంచమని అడగాలి.

కనీస పింఛను పెంపు సంగతి వేరు. ఇప్పటికే రిటైరైనవారి పేరున కొత్త జమ ఏదీ రాదు కనుక, దానికి బడ్జెట్ కేటాయింపే దారి అని స్పష్టంగా రాయాలి. ఈ పథకంలో కరువు భత్యం లేదు. దానినీ అడగదలిస్తే, నిధిపై ఏటా జరగవలసిన వాల్యుయేషన్ (నిధి ఆస్తులు, బాధ్యతల మదింపు) నివేదికను బయటపెట్టమన్న కోరికను దానికి ముందు పెట్టాలి.

లెక్క కాగితాన్ని మహజరుకు కుట్టి, ప్రతి పేజీకి అంకె వేసి, ఒక ప్రతిపై తేదీతో కూడిన ముద్ర వేయించుకుని డిపో ఫైలులో ఉంచాలి.