ఆఫీసు ఫోన్ వాయిస్‌మెయిల్: వినడం, సర్దుకోవడం

ఒరిజినల్ డిగ్రీ సంగతి అడగడానికి రాయదుర్గం నుంచి ఫోన్ చేసిన విద్యార్థి అనంతపురం బస్సెక్కకుండానే జవాబు అందుకోవాలంటే, యూనివర్సిటీ పరీక్షల విభాగంలో వాయిస్‌మెయిల్ రోజూ వినాల్సిందే. ఫ్రీపీబీఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజీలో వాయిస్‌మెయిల్ వినే మామూలు పద్ధతి ఇది.

మీ టేబుల్ ఫోన్‌లో స్టార్ 97 కొట్టి, పాస్‌వర్డ్, ఆపైన హ్యాష్ నొక్కండి. వేరే సీటు నుంచైతే స్టార్ 98, తర్వాత మీ ఎక్స్‌టెన్షన్ నంబరు (ఆఫీసులో మీ ఫోన్‌కు ఇచ్చిన లోపలి నంబరు). కొత్త మెసేజ్‌లకు 1. మళ్లీ వినడానికి 5, తర్వాతిదానికి 6, తీసేయడానికి 7, దాచడానికి 9. పొరపాటున 7 నొక్కితే అదే మెసేజ్ మీద ఇంకోసారి 7 నొక్కండి, తిరిగొస్తుంది. ఫోన్ పెట్టేశాక మాత్రం రాదు. అందుకే హాల్ టికెట్ నంబరు, ఫోన్ నంబరు ముందు రిజిస్టరులోకి ఎక్కించండి.

విననివి పేరుకుపోయి పెట్టె నిండితే కొత్త మెసేజ్ పడదు. ఫలితాల వారంలో పొద్దున, సాయంత్రం రెండుసార్లు వినడం మేలు.

దసరా సెలవులకు 0, తర్వాత 4 నొక్కి తాత్కాలిక గ్రీటింగ్ (ఫోన్ చేసినవాళ్లకు వినిపించే మాట) రికార్డు చేయండి; ఆఫీసు తెరిచే తేదీ చెప్పండి. అది దానంతటది పోదు, తిరిగొచ్చిన రోజే చెరపాలి.

ఎక్స్‌టెన్షన్ నంబరే పాస్‌వర్డ్‌గా ఉంటే ఎవరైనా వినేస్తారు. 0, తర్వాత 5తో ఇవాళే మార్చండి.