సర్వరు ఆపమని చెప్పాల్సింది ఎవరు?

పద్దెనిమిదేళ్లు ఒక విశ్వవిద్యాలయం కంప్యూటర్ సెంటర్‌లో పనిచేశాను. ఒక ఏడాది డిగ్రీ ఫలితాల రోజున సర్వరు మొరాయించింది. ఫలితాలను మరో సర్వరులో పెట్టడానికి అరగంట చాలు. పెట్టమనే అధికారం ఎవరిదో మాత్రం తేలలేదు. పరీక్షల విభాగం రిజిస్ట్రారును అడగమంది, ఆ కార్యాలయం ఫైలు పంపమంది. విద్యార్థులు సాయంత్రం దాకా ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. ఆ రోజు తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే ఐటీ కమిటీ వేయబోయేవారికి నా మాట ఇది: సభ్యుల పేర్లు తర్వాత, ముందు నిర్ణయాల జాబితా రాయండి. నెట్‌వర్క్, విద్యార్థి వివరాలు, సాఫ్ట్‌వేర్ కొనుగోలు, భద్రత, బడ్జెట్. ఒక్కొక్కదాని ఎదుట సలహా ఎవరిదో, తుది మాట ఎవరిదో రాయండి. తుది మాట దగ్గర రెండు పదవులు కనిపిస్తే ఒకటి కొట్టేయండి.

నిర్ణయాలన్నీ విశ్వవిద్యాలయ కేంద్ర కార్యాలయం చేతిలో పెట్టవచ్చు, విభాగాలకే వదిలేయవచ్చు, ఇద్దరికీ పంచవచ్చు. అనుబంధ కళాశాలలున్న విశ్వవిద్యాలయానికి నేను పంపకమే ఎంచుకుంటాను. ల్యాబ్‌లో ఏ సాఫ్ట్‌వేర్ వాడాలో ఆ విభాగమే చెప్పాలి. విద్యార్థి వివరాలు మాత్రం ఒక్కచోటే ఉండాలి. ప్రవేశాల విభాగం ఒకసారి, పరీక్షల విభాగం మరోసారి పేరు టైపు చేస్తే ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట చివర పడుతుంది. 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (చదివిన కోర్సులకు వచ్చే క్రెడిట్లను విద్యార్థి పేరిట ఆన్‌లైన్‌లో జమచేసే ఖాతా) వచ్చాక ఆ చిన్న తేడా విద్యార్థి క్రెడిట్లకే అడ్డం పడుతోంది. విశ్వవిద్యాలయాల పాలనా పనుల కోసం తయారైన సమర్థ్ వంటి సిద్ధంగా ఉన్న సాఫ్ట్‌వేర్ వ్యవస్థను తెచ్చుకున్నా, పేరు సరిదిద్దే అధికారం ఎవరిదో మీరే తేల్చుకోవాలి.

భద్రతకు కమిటీ పనికిరాదు. సైబర్ దాడి తెలిసిన 6 గంటల్లోపు తనకు సమాచారం ఇవ్వాలని, సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించింది. సర్వరును నెట్‌వర్క్ నుంచి విడదీసే అధికారం ఒక్క అధికారికి, ఆయన సెలవులో ఉంటే మరొకరికి, రాతపూర్వకంగా ముందే ఇవ్వండి.

కమిటీ అధ్యక్షత కంప్యూటర్ సెంటర్ డైరెక్టరుకు వద్దు; నిధులు మంజూరు చేయగలవారికే ఇవ్వండి. పరీక్షల నియంత్రణాధికారి, ఫైనాన్స్ ఆఫీసరు, ఇద్దరు ప్రిన్సిపాళ్లు, ఒక విద్యార్థి ఉంటే చాలు. ఎంత మొత్తం వరకు డైరెక్టరే ఖర్చు చేయవచ్చో పాలకమండలి తీర్మానంలో అంకె వేయించండి.

సంతకాలకు ముందు, గత ఏడాది మీ దగ్గర నలిగిన మూడు వివాదాలను ఈ నిర్ణయాల జాబితా ముందు పెట్టి చూడండి. ఏ ఒక్కదానికి జవాబు దొరక్కపోయినా ఆ వరుసను మళ్లీ రాయండి.