సొంతిల్లు ఏ శివారులో? – మూడవ పాఠం: దూరాన్ని గడియారంతో కొలవడం

గత పాఠంలో ఇంటిల్లిపాదీ వారంలో ఎక్కడెక్కడికి వెళ్తారో ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాం. ఆ పుస్తకం దగ్గర పెట్టుకునే ఈ పాఠం చదవాలి. ఇప్పుడు ఆ ప్రయాణాలకు నిమిషాలు కట్టి, రెండు శివారు ప్రాంతాలను పక్కపక్కన పెట్టి తూచడం నేర్చుకుంటాం.

వెంచర్ల కరపత్రాల్లో కనిపించే ‘హనుమకొండ చౌరస్తాకు పది నిమిషాలు’ అన్న మాట అబద్ధమని నేను అనను. ఏదో ఒక ఆదివారం తెల్లవారుజామున ఎవరో ఒకరు పది నిమిషాల్లో వెళ్లే ఉంటారు. నేను మొదటిసారి ప్లాటు చూడడానికి వెళ్లింది కూడా ఆదివారమే. ఏజెంటు కారులో, కబుర్లలో దూరం తెలియలేదు. సోమవారం ఉదయం తొమ్మిదింటికి అదే దారిలో స్కూటరు మీద వెళ్లినప్పుడు తెలిసింది. కాబట్టి మొదటి నియమం ఇది: కొలత పనిదినాన, మీరు నిజంగా బయలుదేరే వేళకు, మీరు నిజంగా వాడే వాహనంతోనే జరగాలి. ఆర్టీసీ బస్సులో వెళ్లేవారు బస్టాపులో నిలబడిన సమయాన్ని కూడా కలపాలి. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేకపోవడం వల్ల చాలా ఇళ్లలో ప్రయాణ ఖర్చు తగ్గింది. అయితే రద్దీ వేళల్లో మొదటి బస్సు ఎక్కలేక రెండో బస్సు కోసం ఆగే నిమిషాలు కూడా ప్రయాణంలో భాగమే.

ఒక్కో దారిని కనీసం మూడు రోజులు కొలిచి, మూడింటిలో మధ్యస్థంగా వచ్చిన అంకెను రాసుకోండి. మేడారం జాతర జరిగే రోజుల్లో ములుగు రోడ్డును కొలిస్తే ఆ అంకె దేనికీ పనికిరాదు. ఎనుమాముల మార్కెట్ వైపు ఇల్లు చూసేవారి సంగతి వేరు. జాతర రెండేళ్లకొకసారి వచ్చి పోతుంది. పత్తి, మిర్చి బళ్లు ప్రతి ఏటా నెలల తరబడి ఆ రోడ్ల మీదే ఉంటాయి. అందుచేత అటువైపు దారులను ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒకసారైనా కొలవాలి.

ఇప్పుడు ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. భర్త కాజీపేట స్టేషన్‌లో రైలెక్కి జనగామకు ఉద్యోగానికి వెళ్తాడు. భార్య వరంగల్‌లోని ఎంజీఎం ఆసుపత్రిలో నర్సు. కూతురు నయీంనగర్‌లో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. ముగ్గురికీ వారానికి ఆరు రోజులు, రోజుకు రానూపోనూ రెండు ప్రయాణాలు, అంటే తలా పన్నెండు. వారి బడ్జెట్‌లో హసన్‌పర్తి వైపు ఒక ఇల్లు, మడికొండ వైపు ఒక ఇల్లు ఉన్నాయి. హసన్‌పర్తి నుంచి స్టేషన్‌కు 30 నిమిషాలు, ఎంజీఎంకు 35, కళాశాలకు 20 పట్టాయనుకుందాం. మడికొండ నుంచి అవే వరుసగా 15, 40, 35 నిమిషాలు. (ఈ అంకెలు లెక్క నేర్పడానికి వేసినవి, మీ అంకెలు మీరే తెచ్చుకోవాలి.)

భర్తకు చూడగానే మడికొండ నచ్చుతుంది, తన ప్రయాణం సగానికి సగం తగ్గుతుంది కనుక. ఇల్లు వెతికే పని చాలా ఇళ్లలో మగవాడి చేతిలోనే ఉంటుంది కాబట్టి నిర్ణయం సాధారణంగా అక్కడే అయిపోతుంది. కానీ కూడి చూడండి. హసన్‌పర్తి నుంచి 85 నిమిషాలను పన్నెండుతో హెచ్చిస్తే 1,020, అంటే వారానికి 17 గంటలు. మడికొండ నుంచి 90 నిమిషాలకు 1,080, అంటే 18 గంటలు. ఇల్లంతటికీ కలిపితే ఒక గంట నష్టం, అదీ తల్లీకూతుళ్ల నెత్తిన.

లెక్క ఇంతటితో ముగియదు. రైలు మన కోసం ఆగదు కనుక, దూరం నుంచి వచ్చేవాడు ముందుగా బయలుదేరాలి. హసన్‌పర్తి నుంచి వెళ్తే రోజూ ఉదయం 15 నిమిషాలు, మడికొండ నుంచి 5 నిమిషాలు ముందు బయలుదేరాలని పెట్టుకుంటే, వారానికి ఒకచోట 90, మరొకచోట 30 నిమిషాలు చేరతాయి. రెండు మొత్తాలూ 1,110 నిమిషాల దగ్గర సరిసమానమవుతాయి. ఇలా సమానం కావడం వైఫల్యం కాదు. ఇక కిలోమీటర్ల గురించి వాదించుకోనక్కర లేదని అర్థం.

అప్పుడు అడగవలసిన ప్రశ్న, ఏ ప్రయాణం ఎన్నేళ్లు ఉంటుందన్నది. ఇంటి అప్పు ఇరవై ఏళ్లు ఉంటుంది గాని, ఇంటర్ రెండేళ్లలో అయిపోతుంది. కూతురి ప్రయాణాన్ని తీసేసి మళ్లీ కూడితే హసన్‌పర్తికి 870 నిమిషాలు, మడికొండకు 690. రెండేళ్లు ఓర్చుకుంటే ఆ తరువాత వారానికి మూడు గంటలు మిగులుతాయి. అదే బడికి వెళ్లే చిన్నపిల్లలున్న ఇంట్లో లెక్క తిరగబడుతుంది. బదిలీల ఉద్యోగం చేసేవారు తమ ప్రస్తుత కార్యాలయానికి దగ్గరగా ఇల్లు కొనడం, నా ఉద్దేశంలో, అందరికంటే పెద్ద పొరపాటు. వారు స్టేషన్‌నో బస్టాండునో లెక్కలోకి తీసుకోవాలి.

ఇక మామూలు దారి ఆగిపోయినప్పుడు వాడే రెండో దారి విషయం. ఇల్లు మెరక మీద ఉందా అని అందరూ అడుగుతారు, దారి మెరక మీద ఉందా అని ఎవరూ అడగరు. 2020 ఆగస్టులోనూ 2023 జూలైలోనూ కురిసిన వానలకు నయీంనగర్ నాలా పొంగినప్పుడు, భీమారం వైపు చుక్క నీరు చేరని ఇంట్లో ఉన్నవారికి కూడా కరీంనగర్ రోడ్డు మీదుగా చౌరస్తాకు రావడం కష్టమైంది. కాకతీయుల కాలం నుంచి మన నేల గొలుసుకట్టు చెరువులది. ఒక చెరువు మత్తడి దుంకితే, అంటే నిండి అలుగు పారితే, నీళ్లు కింది చెరువుకు పోతాయి, ఆ మధ్యలో మన రోడ్డు ఉంటుంది. కాజీపేట వైపు ఇబ్బంది మరో రకం: హనుమకొండ నుంచి అటు వెళ్లే వాహనాల్లో ఎక్కువ భాగం ఫాతిమానగర్ దగ్గర రైలు పట్టాల మీది వంతెన ఎక్కాల్సిందే, అక్కడ ఒక లారీ ఆగిపోతే వెనుక అంతా ఆగుతుంది. అందువల్ల ప్రతి ఇంటికీ ఆ నాలాను గాని ఆ వంతెనను గాని దాటనవసరం లేని మరో దారి ఉందో లేదో వెతికి, దాన్ని కూడా ఒక రోజు కొలవండి. రింగు రోడ్డు ఉంది కదా అని ఏజెంటు చెప్తే, ఆ రోడ్డు మీద మీరు వెళ్లే వేళకు బస్సు నడుస్తుందా అని అడగండి. సొంత వాహనం లేని ఇంటివారికి బస్సు లేని రోడ్డు దారి కిందికి రాదు.

వచ్చే పాఠానికి ముందు చేయవలసిన పని: మీరు చూస్తున్న రెండు శివార్లకూ ఇప్పటి లెక్క ఒకటి, అయిదేళ్ల తరువాతి లెక్క ఒకటి వేసుకుని, రెండో దారికి పట్టిన నిమిషాలను పక్కనే రాయండి. మొదటి దారి కంటే రెండో దారికి రెట్టింపు సమయం పడితే ఆ అంకె చుట్టూ ఎర్ర సిరాతో గీత గీయండి. నాలుగవ పాఠంలో ఈ పుస్తకంతో పాటు ప్లాటు సర్వే నంబరు కూడా కావాలి, ఎందుకంటే అక్కడ చెరువు శిఖం (నీరు నిలిచే భూమి) హద్దులను, బఫర్ (చెరువు చుట్టూ ఖాళీగా వదిలే జాగా) కొలతలను చూడడం మొదలుపెడతాం.